ప్యాడిల్ బోర్డు మీద యోగా: మొదటిసారి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్ నగరం నడిబొడ్డున లేడీ బర్డ్ సరస్సు ఉంది. నాలుగు వేసవులుగా అక్కడ ప్యాడిల్ బోర్డు మీద, అంటే తెడ్డు వేసుకుంటూ నడిపే తేలే పలకపై, యోగా చేస్తున్నాను. నేను శిక్షకురాలిని కాదు, కాస్త ఆలస్యంగా నేర్చుకున్న విద్యార్థిని. సెడార్ పార్క్, రౌండ్ రాక్, లియాండర్ లాంటి చుట్టుపక్కల ఊళ్లలో ఉండే మనవాళ్లు నా ఫోటోలు చూసి ఫోను చేస్తుంటారు. మొదట అందరూ ఆసనాల గురించే అడుగుతారు. రెండు నిమిషాలు గడిచాక గొంతు తగ్గించి అసలు సంగతికి వస్తారు. అందుకే ఇక్కడ అసలు సంగతినే ముందు పెట్టాను.

నాకు ఈత రాదు. వెళ్లవచ్చా?

మా ఊళ్లో మగపిల్లలు వేసవి సెలవుల్లో నడుముకు బెండు కట్టుకుని దిగుడు బావిలోకి దూకి ఈత నేర్చుకునేవారు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా కాసేవాళ్లం. తర్వాత చదువు, పెళ్లి, ఉద్యోగం, అమెరికా. పదేళ్లుగా యోగా చేస్తున్నానన్న ధీమాతో నలభై దాటాక ఈ సరస్సు ఒడ్డున నిలబడితే, ఆ యోగా అంతా మోకాళ్ల లోతు నీళ్లలో కూడా నాకు ధైర్యం ఇవ్వలేదు. కాబట్టి ఈ ప్రశ్న అడగడానికి సిగ్గుపడవద్దు. మన తరం ఆడవాళ్లలో చాలామంది ఇదే ప్రశ్నను మనసులో పెట్టుకుని "మోకాలు నొప్పి" అని చెప్పి తప్పుకుంటారు.

లైఫ్ జాకెట్ వేసుకుంటే ఈత రానివారిని కూడా చాలా చోట్ల చేర్చుకుంటారు. నా సలహా మాత్రం ఇంకొంచెం కఠినమైనది. ఈత రాకపోయినా పరవాలేదు, కానీ ముఖం నీళ్లలో మునిగినప్పుడు గాబరా పడకుండా ఉండడం వచ్చి ఉండాలి. నేను మొదటి తరగతికి ముందు నాలుగు శనివారాలు మా కాలనీ ఈతకొలనుకు వెళ్లాను. లైఫ్ జాకెట్ వేసుకుని, కాళ్లు అందని చోటికి ఈత వచ్చిన స్నేహితురాలిని వెంటబెట్టుకుని వెళ్లి, బోర్లా పడి, మళ్లీ వెల్లకిలా తిరిగేదాన్ని. అంతే సాధన. జాకెట్ నన్ను నిజంగానే పైకి తెస్తుందని బుర్రకు తెలిస్తే చాలదు, ఒంటికి తెలియాలి. నా ఒంటికి తెలియడానికి మూడో శనివారం దాకా పట్టింది.

జాకెట్ ఎంపిక దగ్గర ఒక మెలిక ఉంది. చొక్కాలా తొడుక్కునే నురుగు జాకెట్ ఒక రకం. నడుముకు బెల్టులా కట్టుకునే చిన్న సంచి ఇంకో రకం. యోగాకు అడ్డం రాదని చాలామంది ఆ సంచినే ఇష్టపడతారు. అయితే అది కట్టుకున్నంత మాత్రాన మనిషిని తేల్చదు. తాడు లాగితే గాలి నిండుతుంది, ఆ తర్వాత దాన్ని మెడకు తగిలించుకోవాలి. నీళ్లు మింగుతూ చేతులు కొట్టుకునే మనిషికి తాడు సంగతి గుర్తుంటుందా? ఈత రానివారు నురుగు జాకెట్టే వేసుకోవాలి. భుజంగాసనంలో ఛాతీ కింద కాస్త ఒత్తుకుంటుంది, ఒత్తుకోనివ్వండి.

ప్యాడిల్ బోర్డును అమెరికా తీర రక్షక దళం (కోస్ట్ గార్డ్) 2008లోనే పడవల లెక్కలో చేర్చింది. టెక్సస్‌లో ప్రతి మనిషికీ ఒక లైఫ్ జాకెట్ పలక మీద ఉండి తీరాలి. 13 ఏళ్ల లోపు పిల్లలు దాన్ని వేసుకునే ఉండాలి. పెద్దవాళ్లు పలకకు కట్టి ఉంచితే చట్టం ఊరుకుంటుంది. నీళ్లు ఊరుకోవు.

ఇంకొక మాట. నమోదు చేసుకునేటప్పుడే "నాకు ఈత రాదు" అని రాయండి, అక్కడికి వెళ్లాక శిక్షకురాలికి మళ్లీ చెప్పండి. మిమ్మల్ని ఒడ్డుకు దగ్గరగా, తన కళ్ల ముందు ఉంచుతుంది. ఆ మాట విని ముఖం చిట్లించే శిక్షకురాలు అయితే డబ్బు పోయినా పరవాలేదు, వెనక్కి వచ్చేయండి.

నీళ్లలో పడతానా?

మొదటి తరగతిలో నేను మూడుసార్లు పడ్డాను. నా పక్కన ఉన్న అమ్మాయి ఒక్కసారి కూడా పడలేదు, జుట్టు కూడా తడవలేదు. ఆమె వీరభద్రాసనం కూడా మోకాళ్ల మీదే చేసిందని తర్వాత గమనించాను. అంటే పడడం, పడకపోవడం చాలావరకు మీ చేతిలోనే ఉంది. కూర్చుని, మోకాళ్ల మీద, పడుకుని చేసే ఆసనాలతో గంట గడిపితే పడే అవకాశం చాలా తక్కువ.

పడక తప్పదని తెలిసినప్పుడు పలక మీదే నిలదొక్కుకోవాలని పెనుగులాడవద్దు. దెబ్బలు తగిలేది నీళ్లకు కాదు, పలక అంచుకూ తెడ్డుకూ. పలకకు దూరంగా, పక్కకు, ఒళ్లు పరుచుకుని పడండి. తల ముందుగా దూకవద్దు, కింద ఎంత లోతుందో, ఏముందో తెలియదు. అడుగున నాచు, బురద, చెట్ల కొమ్మలు ఉంటాయి కాబట్టి కాళ్లు నిటారుగా దించడం కూడా మంచిది కాదు.

పడితే మళ్లీ ఎక్కడం ఎలా?

పడడం కన్నా ఇదే అందరినీ ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. అరుగు ఎక్కినట్టు చేతుల బలంతో పైకి లేవాలని చూస్తారు. అప్పుడు కాళ్లు పలక కిందికి పోతాయి, పలక మన మీదికి తిరగబడుతుంది. ముందు పలక నడిమికి, పక్క నుంచి రండి. మధ్యలో ఉన్న పిడిని ఒక చేత్తో పట్టుకోండి. ఇప్పుడు కాళ్లు వెనక్కి చాచి నీటి ఉపరితలానికి తెచ్చి, ఈత కొట్టేవాళ్లలా తపతపా ఆడించండి. ఒళ్లు అడ్డంగా తేలగానే పొట్ట పలక మీదికి జారేలా లాక్కోండి. చేపను గట్టు మీదికి లాగినట్టు ఉంటుంది, చూడడానికి ఏమాత్రం అందంగా ఉండదు. ఎవరూ ఫోటో తీయకుండా ఉంటే చాలు.

చీలమండకు కట్టే తాడు వల్ల పలక మీ నుంచి దూరంగా పోదు. నిలకడ నీటిలో ఆ తాడు విప్పవద్దు, మీ దగ్గర ఉన్న అతి పెద్ద తేలే వస్తువు ఆ పలకే. పారే నదిలో మాత్రం ఇదే తాడు కొమ్మలకు చిక్కుకుని ప్రాణం మీదికి తెస్తుంది. అక్కడ నడుము దగ్గర, ఒక్క లాగుతో ఊడిపోయే రకం వాడతారు.

ఈ సరస్సులో ఈత నిషేధం అంటారు కదా, మరి పడితే జరిమానా వేస్తారా?

నిజమే, లేడీ బర్డ్ సరస్సులో 1964 నుంచి ఈత నిషేధం. తూలి పడి వెంటనే ఎక్కడం ఈత కిందికి రాదు. ఎండగా ఉందని కావాలని దూకి తేలుతూ కూర్చుంటే మాత్రం వస్తుంది.

పేరుకు సరస్సు కానీ, అది నది. 1960లో లాంగ్‌హార్న్ డ్యామ్ కట్టడంతో కొలరాడో నది ఇక్కడ నిలిచి సరస్సు అయింది. గ్రాండ్ కాన్యన్‌లో పారే కొలరాడో వేరు, ఇది వేరు, ఇది పూర్తిగా టెక్సస్ నదే. మొదట్లో దీన్ని టౌన్ లేక్ అనేవారు. దీని ఒడ్డులను పచ్చగా మార్చడానికి పాటుపడిన లేడీ బర్డ్ జాన్సన్, మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య, 2007లో చనిపోయినప్పుడు ఆమె పేరు పెట్టారు. పెట్రోలు మోటారు పడవలను ఇక్కడ రానివ్వరు. మనలాంటి కొత్తవారికి అదే పెద్ద వరం, పడవ పోయినప్పుడల్లా లేచే అలల బెడద ఉండదు.

పలక ఎలా ఉంటుంది? చెక్కతో చేసిందా?

ఎక్కువగా గాలి కొట్టి ఉబ్బించే రకమే. గాలి అంటే పిల్లల ఈతకొలను బొమ్మను తలచుకోవద్దు. లోపల రెండు పొరలను కలుపుతూ వేల దారాలు ఉంటాయి, గాలి పూర్తిగా నింపితే బల్లలా గట్టిపడుతుంది. మందం సుమారు 6 అంగుళాలు, పొడవు 10 నుంచి 11 అడుగులు. మీరు చూసుకోవలసింది వెడల్పు. మామూలు పలకల కన్నా యోగా పలకలు వెడల్పుగా, 32 నుంచి 36 అంగుళాల దాకా ఉంటాయి. కొత్తవారు మొహమాటపడకుండా అక్కడున్న వాటిలో అన్నిటికన్నా వెడల్పైనది అడిగి తీసుకోవాలి. పైన మెత్తటి నురుగు పరుపు అంటించి ఉంటుంది, ఇంటి నుంచి యోగా చాప తీసుకెళ్లనక్కరలేదు. తడిసిన చాప జారుతుంది కూడా.

ఇదంతా కొత్త ఫ్యాషన్ కాదా?

యోగా కలిపిన రూపం కొత్తదే. నిలబడి తెడ్డు వేసే సర్ఫింగ్ పలక హవాయి దీవులది. ఇరవయ్యో శతాబ్దం నడుమ వైకీకీ తీరంలో సర్ఫింగ్ నేర్పేవారు పలక మీద నిలబడి తెడ్డు వేస్తూ శిష్యులను గమనించేవారు. 2000 ప్రాంతంలో లైర్డ్ హామిల్టన్, డేవ్ కలామా వంటి సర్ఫర్లు దానికి మళ్లీ ప్రాచుర్యం తెచ్చారు.

అయితే ఇది చూసినప్పుడల్లా నాకు మన తెప్ప గుర్తుకు వస్తుంది. ఉత్తరాంధ్ర తీరంలో నాలుగైదు దుంగలను తాళ్లతో బిగించి, వాటి మీద మోకాళ్ల మీద కూర్చునీ నిలబడీ తెడ్డు వేస్తూ విరిగే అలలను దాటి వేటకు పోయే మత్స్యకారులు చేసే సమతూకం ముందు మన వృక్షాసనం ఎంత! వాళ్లు గంటకు డాలర్లు కట్టలేదు, ఫోటోలూ దిగలేదు.

ముందుగా యోగా ఎంత వచ్చి ఉండాలి?

తక్కువ వచ్చినా చాలు. ఇంటి దగ్గర పది తరగతులు చేసి, పిల్లి భంగిమ, అధోముఖ శ్వానాసనం, వీరభద్రాసనం పేరు చెప్పగానే ఒంటికి గుర్తుకు వచ్చేంత ఉంటే సరిపోతుంది. పక్కవాళ్లను చూసి చేద్దామంటే కుదరదు, తల పక్కకు తిప్పితే పలక కూడా తిరుగుతుంది. నిజానికి యోగాలో ఆరితేరినవారే ఇక్కడ ఎక్కువ ఇబ్బంది పడతారు. నేల మీద వచ్చిన లోతు ఇక్కడా రావాలని పట్టుబడతారు, దబ్బున పడతారు.

తరగతి ఎలా సాగుతుంది?

మొదటి పది, పదిహేను నిమిషాలు ఒడ్డున. తాడు కట్టుకోవడం, తెడ్డు పట్టుకోవడం, ఎలా పడాలో చెప్పడం. తెడ్డు ఆకు కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపు ముందుకు, అంటే మీరు పోయే వైపుకు ఉండాలి. గరిటెలా నీళ్లు తోడుకునే వైపు పట్టుకోవాలనిపిస్తుంది, అది తప్పు. తెడ్డు పొడవు మీ కన్నా ఒక జానెడు ఎక్కువ ఉంటే సరి.

మోకాళ్ల మీద కూర్చునే ఒడ్డు నుంచి బయలుదేరతారు. మధ్యలో ఉన్న పిడికి రెండు వైపులా మోకాళ్లు పెట్టండి, పలక బరువు నడిమి అదే. నిలబడాలనుకుంటే ఒక్కొక్క మోకాలు ఉన్న చోటే ఒక్కొక్క పాదం పెట్టి, తల ఎత్తి, నెమ్మదిగా లేవాలి. పాదాల వంక చూస్తే పడతారు. నిలబడడం ఇష్టం లేకపోతే మోకాళ్ల మీదే తెడ్డు వేసుకుంటూ పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

చెట్ల నీడ ఉన్న వంపు చూసుకుని అక్కడ ఆగుతారు. ఒక్కో పలకకు చిన్న లంగరు వేస్తారు, లేదా అన్నిటినీ ఒక పెద్ద తాడుకు కొక్కాలతో తగిలిస్తారు. లంగరు లేకపోతే మీరు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చి వదిలేలోగా గాలి మిమ్మల్ని పక్కవారి ఒడిలోకి చేరుస్తుంది. తెడ్డును పలక ముందు భాగంలోని సాగే తాళ్ల కింద దోపి, అక్కడి నుంచి ముప్పావు గంట, గంట యోగా. చివర శవాసనం. మళ్లీ తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు.

పలక మీద ఏ ఆసనాలు కుదురుతాయి? ఏవి కుదరవు?

పలక పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి ముందుకూ వెనక్కూ పెద్దగా ఊగదు, పక్కలకు ఊగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలావరకు మీరే ఊహించుకోవచ్చు. బరువు పొడవునా పరుచుకునేవి సులువు. మార్జాలాసనం, అధోముఖ శ్వానాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, బాలాసనం. కాళ్లూ చేతులూ ఇంటి దగ్గరకన్నా కొంచెం ఎడంగా పెట్టాలి, అంతే.

నిలబడి చేసేవి ఒక మెట్టు పైన. వీరభద్రాసనంలో ఇంట్లో వేసినంత పెద్ద అంగ వేయవద్దు. ముందు పాదం, వెనక పాదం రెండూ నడిమి గీతకు దగ్గరగా ఉండాలి. చేతులు నడుము మీదే ఉంచి, ఊగడం ఆగాక లేపండి. వృక్షాసనంలో ఒంటి పాదం సరిగ్గా పిడి మీద పడాలి. నాకు రెండో వేసవిలో వచ్చింది, ఇప్పటికీ అయిదు ఊపిరులు దాటదు. త్రికోణాసనం పైకి సులువుగా కనిపించి మోసం చేస్తుంది. తల ఎత్తి పైచేతిని చూడమన్న క్షణంలోనే పడతారు, ఇక్కడ మాత్రం కింది చేతినే చూడండి.

శీర్షాసనం, సర్వాంగాసనం మొదటి ఏడాది వద్దు. ప్రకటనల్లో కనిపించే శీర్షాసనం ఫోటో వెనక ఎన్ని మునకలు ఉన్నాయో ఫోటో చెప్పదు. మెడ మీద బరువు ఉన్నప్పుడు పక్కకు ఒరగడం ఆషామాషీ కాదు.

చూపు నీళ్ల మీద ఉంచవద్దు. నీళ్లు కదులుతాయి, వాటితో పాటు మీరూ కదులుతారు. అవతలి ఒడ్డున ఒక చెట్టు మొదలు, ఒక కిటికీ, కదలనిది ఏదో ఒకటి పట్టుకోండి. నేను ఒక ఎత్తైన భవనంలో మూడో అంతస్తు బాల్కనీని పట్టుకుంటాను. అక్కడ రోజూ ఒకాయన కాఫీ తాగుతూ నిలబడతాడు. ఆయనకు నా వీరభద్రాసనంతో నాలుగేళ్ల పరిచయం.

కాళ్లు అంతగా ఎందుకు వణుకుతాయి?

నేల మీద నిలబడ్డప్పుడు పనిచేయని చిన్న కండరాలు, ముఖ్యంగా చీలమండ చుట్టూ ఉండేవి, ఇక్కడ క్షణక్షణమూ సవరించుకుంటూ ఉండాలి. మీ వణుకు పలకకు, పలక ఊగు మీకు చేరి ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. మోకాళ్లు కాస్త వంచితే ఆ గొలుసు తెగుతుంది. కాలివేళ్లతో పలకను గట్టిగా పట్టుకోవాలని చూస్తాం, దాంతో అరికాళ్లు పట్టేస్తాయి. మధ్య మధ్య కూర్చుని వేళ్లు విదిలించుకోండి.

ఏ బట్టలు వేసుకోవాలి? స్విమ్ సూట్ తప్పనిసరా?

కాదు. త్వరగా ఆరే లెగ్గింగ్స్, ఒంటికి అతుక్కుని ఉండే పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే ఒళ్లూ కప్పుకున్నట్టు ఉంటుంది, ఎండ నుంచీ కాపాడుతుంది. నేను ఎప్పుడూ అలాగే వెళతాను. నూలు బట్టలు వద్దు, తడిస్తే బరువెక్కి కిందికి లాగుతాయి. చున్నీ వద్దు, కుర్తా వద్దు, వదులు పైజమా వద్దు, అవి మళ్లీ ఎక్కేటప్పుడు కాళ్లకు చుట్టుకుంటాయి. సాక్సులు, బూట్లు అక్కరలేదు, వట్టి కాళ్లే మేలు. మార్చుకునే బట్టలు కారులో ఉంచండి.

తాళి, ఉంగరాలు, కళ్లజోడు, ఫోను?

చల్లటి నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఉంగరం తెలియకుండానే జారిపోతుంది. అడుగు బురద, వెతకడానికి వీలు లేదు. ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టండి. తాళి తీయడం ఇష్టం లేనివారు చొక్కా లోపలికి వేసుకుని, చిన్న పిన్నుతో లోపలి బట్టకు బిగించుకోండి. కళ్లజోడుకు వెనక తాడు కట్టండి. కాంటాక్ట్ లెన్సులు మాత్రం వద్దు, సరస్సు నీటిలోని క్రిములు లెన్సు కింద చేరితే కంటికి తీవ్రమైన జబ్బు చేయవచ్చు. ఫోను ఒడ్డునే వదలండి. నీళ్లు చొరని సంచి ఉందని తెచ్చుకున్నవాళ్లు గంటలో సగం దాన్నే చూసుకుంటూ గడుపుతారు.

తలకు నూనె పెట్టుకుని రావచ్చా? సన్‌స్క్రీన్?

ఆదివారం పొద్దున తలంటుకు ముందు నూనె రాసుకుని, ఎలాగూ తడుస్తాం కదా అని అలాగే వచ్చిన ఒక వదిన ఉంది. అధోముఖ శ్వానాసనంలో నూనె నుదుటి మీదుగా కారి చేతుల మధ్య పడింది, ఆ తర్వాత చేతులు నిలవలేదు. నూనె వద్దు. సన్‌స్క్రీన్ తప్పకుండా కావాలి, నీళ్ల మీద పడి తిరిగి వచ్చే ఎండ గడ్డం కింద కూడా కాలుస్తుంది. అయితే అరిచేతులకూ అరికాళ్లకూ అంటకుండా చూసుకోండి. బయలుదేరే అరగంట ముందే రాసుకుని చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఏమైనా తిని వెళ్లాలా?

రెండు గంటల ముందు తేలికగా. ఒక ఇడ్లీ, అరటిపండు. పెసరట్టు ఉప్మా తిని బోర్లా పడుకుని ఊగితే ఏమవుతుందో నన్ను అడగవద్దు.

సరస్సు నీళ్లు శుభ్రంగా ఉంటాయా?

ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2019 వేసవిలో ఇక్కడ విషపు నాచు పెరిగింది, ఆ నీటిలో దిగిన కుక్కలు కొన్ని చనిపోయాయి. అప్పటి నుంచి నగరపాలక సంస్థ వేసవిలో నాచును పరీక్షిస్తూ హెచ్చరికలు ఇస్తోంది. వెళ్లేముందు అవి చూడండి. గడ్డల్లా తేలే నాచు ఉన్న చోట పడకుండా జాగ్రత్తపడండి, నీళ్లు మింగవద్దు, ఇంటికి రాగానే స్నానం చేయండి. పెద్ద వాన పడితే రెండు మూడు రోజులు ఆగండి, వీధుల మురికి అంతా వచ్చి చేరేది ఇందులోకే. ఒంటి మీద మానని గాయం ఉంటే ఆ వారం మానేయండి.

ఏ నెలలో, ఏ వేళ వెళితే మంచిది?

ఏప్రిల్, మే, మళ్లీ అక్టోబరు. జులై, ఆగస్టుల్లో ఆస్టిన్ ఎండ 38 డిగ్రీలు దాటుతుంది, మన రామగుండం ఎండలా ఉంటుంది. అప్పుడు పొద్దున తరగతులకే వెళ్లండి. పొద్దున గాలి కూడా తక్కువ, గాలి లేకపోతే సగం కష్టం లేనట్టే. బార్టన్ వాగు వచ్చి కలిసే చోట నీళ్లు కాస్త చల్లగా తగులుతాయి. ఆ వాగులోకి వచ్చే బార్టన్ స్ప్రింగ్స్ ఊటనీరు ఏడాది పొడవునా 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది మరి.

సాయంత్రం వెళ్లేవారికి ఇంకో ఆకర్షణ ఉంది. కాంగ్రెస్ అవెన్యూ వంతెనను 1980లో తిరిగి కట్టినప్పుడు కింద సన్నని సందులు ఏర్పడ్డాయి. వాటిలో గబ్బిలాలు చేరాయి, వేసవిలో సుమారు 15 లక్షలు ఉంటాయని లెక్క. పొద్దుగూకే వేళ అవి పొగలా లేచి పోతుంటే కింద నీటి మీద నుంచి చూడడం బాగుంటుంది. నోరు తెరుచుకుని మాత్రం చూడవద్దు. చీకటి పడితే పలక మీద తెల్లదీపం ఉండాలని నియమం.

నా బరువు ఎక్కువ. పలక మునిగిపోతుందా?

మునగదు, కానీ ప్రతి పలకకూ మోయగల బరువుకు హద్దు ఉంటుంది. హద్దు దాటితే పలక నీటిలోకి దిగబడి మరింత ఊగుతుంది. అందుకే బరువు అడుగుతారు. నొచ్చుకోకుండా నిజం చెప్పండి, పెద్ద పలక ఇస్తారు. ఐదు కిలోలు తగ్గించి చెబితే నష్టం మీకే.

మోకాళ్ల నొప్పి, తల తిరగడం, గర్భం?

మోకాళ్లకు ఈ నురుగు పరుపు మన గచ్చు కన్నా మెత్తన. కానీ మోకాళ్ల మీద ఎక్కువసేపు ఉండాలి కాబట్టి మధ్యలో కాళ్లు చాచి కూర్చోండి. తల తిరిగే జబ్బు, మూర్ఛ, చెవి పొరకు చిల్లు, ఈ మధ్య జరిగిన ఆపరేషన్ ఉన్నవారు వైద్యుణ్ని అడగకుండా రావద్దు. గర్భవతులు మొదటిసారి ప్రయత్నించడానికి ఇది సమయం కాదని నా అభిప్రాయం. నెలసరి రోజుల్లో వెళ్లడం మీ ఇష్టం, నేను వెళతాను.

ఎంత ఖర్చవుతుంది?

సాధారణంగా ఒక తరగతికి 30 నుంచి 50 డాలర్లు. అందులో పలక అద్దె కలిసి ఉందా అని ముందే చూసుకోండి, కొన్నిచోట్ల విడిగా తీసుకుంటారు. గాలివానకు తరగతి రద్దయితే డబ్బు ఇస్తారో, మరో రోజు ఇస్తారో కూడా అడగండి. నచ్చుతుందో లేదో తెలియకుండా సొంత పలక కొనవద్దు. మా గ్యారేజీల్లో మూలపడి ఉన్న సైకిళ్లు, ట్రెడ్‌మిల్లులు చాలు.

మన విశాఖలో, హైదరాబాదులో ఇలాంటిది చేయవచ్చా?

నీళ్లను చూసి నిర్ణయించుకోవాలి. విశాఖలోని రుషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే) గుర్తింపు వచ్చింది, బీచ్ అందమైనదే. కానీ అల విరిగే చోట కొత్తవారికి యోగా కుదరదు, విశాఖ తీరంలో లోపలికి లాక్కుపోయే ప్రవాహాలు ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాయో అక్కడివారికి తెలుసు. వికారాబాద్ దగ్గరి కోటిపల్లి జలాశయంలో కయాక్‌లు, అంటే కూర్చుని తెడ్డు వేసే సన్నటి చిన్న పడవలు, నడుపుతారు. నిలకడ నీరు, మోటారు పడవల హోరు లేకపోవడం, దగ్గరలోనే ఒడ్డు, ఇలాంటి చోటు పలకకు నప్పుతుంది. చెన్నై దగ్గరి కోవలం సర్ఫింగుకు పేరుపడ్డ ఊరు, నిలబడి తెడ్డు వేయడం అక్కడ నేర్చుకోవచ్చు. ఎక్కడైనా సరే, లైఫ్ జాకెట్లు బొత్తాలు ఊడిపోయి, పాతబడి ఉంటే అది మీకు కావలసిన చోటు కాదు. గోదావరి, కృష్ణ పారే చోట, డ్యాముల దిగువన ఈ ప్రయోగం అసలు చేయవద్దు.

ఇంతకీ ఇది నిజంగా యోగాయేనా?

మేకపిల్లలను వీపు మీద ఎక్కించుకుని చేసేదాన్ని కూడా యోగా అనే దేశంలో ఉన్నాం కాబట్టి ఈ అనుమానం న్యాయమైనదే. నేను వెళ్లిన ఒక తరగతిలో శిక్షకురాలు గంటలో సగం మా ఫోటోలు తీయడానికే సరిపెట్టింది, మళ్లీ అక్కడికి వెళ్లలేదు. ఆసనంలో లోతు కావాలంటే నేల మీదే చేయాలి. నేల మీద 12 సూర్య నమస్కారాలు చేసే వ్యవధిలో ఇక్కడ నాలుగే అవుతాయి. కానీ ఇంట్లో చేసేటప్పుడు నా మనసు సాంబారులో పప్పు ఉడికిందా లేదా అన్న దగ్గర ఉంటుంది. ఇక్కడ అలా పోవడానికి వీలు లేదు, పోయిన మరుక్షణం నీళ్లలో ఉంటాం. నాకు ఊపిరి మీద ధ్యాస నిలిచింది ఈ భయం వల్లనే, భక్తి వల్ల కాదు.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. తీసుకురావచ్చా?

మా అమ్మను తీసుకెళ్లాను. ఆమెకు 68. తెనాలి దగ్గర కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషి, నా కన్నా నీళ్లంటే భయం తక్కువ. నురుగు జాకెట్ వేసి, అన్నిటికన్నా వెడల్పైన పలక మీద నడుమ కూర్చోబెట్టాం. శిక్షకురాలు తన పలకకు అమ్మ పలకను తాడుతో కట్టుకుంది. అమ్మ వజ్రాసనంలో కూర్చుని ప్రాణాయామం చేసింది, మేము తూలుతుంటే చూసి నవ్వింది, దుంగల మీద ఎండ కాచుకునే తాబేళ్లను లెక్కపెట్టింది. శవాసనం అనగానే మాత్రం ముఖం మాడ్చింది. "నీళ్ల మీద ఉన్నప్పుడు ఆ మాట ఎందుకే, విశ్రాంతి అనమను" అంది. నేను అనువాదం చేసి చెప్పాను. శిక్షకురాలికి ఆ మాట ఎంతో నచ్చింది. అప్పటి నుంచి మా తరగతిలో చివరి ఆసనం పేరు "విష్రాంటీ". రెండు చేతులూ చెరోపక్క నీళ్లలోకి వేలాడేసి పడుకుంటాం, హైవే మీది లారీల మోత దూరంగా వినిపిస్తుంది, బాతులు దగ్గరగా వచ్చి చూసి పోతాయి.

పెద్దవాళ్లను తెచ్చేటప్పుడు ఎక్కడం, దిగడం దగ్గర మీరు నీళ్లలో నిలబడి పలక పట్టుకోండి. అసలు ఇబ్బంది అక్కడే.

మర్నాడు ఒళ్లు నొప్పులు ఉంటాయా?

ఉంటాయి. తొడల లోపలి వైపు, అరికాళ్లు, పక్కటెముకల కింద. రాత్రి పడుకుంటే మంచం ఊగినట్టు అనిపిస్తుంది, అది మామూలే, పొద్దుటికి పోతుంది.

అయిపోయాక ఏం చేస్తారు?

కారు సీటు మీద పాత దుప్పటి పరుచుకుని కూర్చుని, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తింటాం. ఆకలి మామూలుగా ఉండదు. నలుగురు వెళితే ఆరుగురికి సరిపడా కలుపుకుని రండి.